తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి?

(పెన్షనర్ల దినోత్సవం నాడు జవహర్‌నగర్‌లో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, పెన్షను అనేది యజమాని దయతలచి ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని స్పష్టం చేసింది. ఆ తీర్పు గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీద ఉన్నారు. కరువు భత్యం గురించి మాట్లాడేవారూ ఉన్నారు. నాకు కార్యదర్శిగారు అప్పగించిన పని వేరు. "మన ఆఫీసు కంప్యూటరు దగ్గర పెట్టిన కట్టుబాటు ఏమిటో, ఎందుకు పెట్టామో అందరికీ తెలియాలి. కొందరు అలిగారు కూడా. మీరే చెప్పండి" అన్నారు. అలిగినవారు రెండో వరసలోనే కూర్చున్నారు. వారి అలకలో న్యాయం ఉంది. "ముప్పై ఏళ్ళు సర్వీసు చేసి మచ్చ లేకుండా దిగినవాళ్ళం. మా మీద నమ్మకం లేదా?" అన్నది వారి ప్రశ్న. ఈ ప్రసంగమంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు.

నేను కంప్యూటరు చదువు చదివినవాణ్ణి కాను. 1974లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అకౌంటెంటుగా రిటైరైన ట్రెజరీ గుమాస్తాను. 1990ల చివర మా ఆఫీసుకు కంప్యూటరు వచ్చినప్పుడు దానికి ప్రత్యేకంగా ఏ.సి. గది కట్టారు. మేము చెప్పులు బయట విడిచి, గుడిలోకి పోయినట్టు లోపలికి పోయేవాళ్ళం. అంత భయభక్తులతో మొదలైన పరిచయం నాది. అయినా ఈ విషయం నాకు అర్థం కావడానికి కారణం కంప్యూటరు కాదు, ట్రెజరీయే.

ట్రెజరీలో పనిచేసినవారికి 'డబుల్ లాక్' అంటే చెప్పనక్కరలేదు. మిగతావారి కోసం చెబుతాను. స్ట్రాంగ్ రూములో స్టాంపులు, స్టాంపు కాగితాలు, విలువైన పెట్టెలు ఉంటాయి. ఆ తలుపుకు రెండు తాళాలు. ఒక తాళం చెవి ఎస్.టి.ఓ. గారి దగ్గర, రెండోది మరొక బాధ్యుని దగ్గర. ఇద్దరూ కలిసి వస్తే తప్ప తలుపు తెరుచుకోదు. తెరిచినప్పుడల్లా రిజిస్టరులో రాయాలి, సంతకాలు చేయాలి. కాని రోజూ అమ్మకానికి కావలసిన కొద్దిపాటి స్టాంపులు 'సింగిల్ లాక్'లో, ఒక్క మనిషి చేతిలో ఉంటాయి. రోజువారీ పని ఆగకుండా సింగిల్ లాకు, పెద్ద నష్టం జరగకుండా డబుల్ లాకు. ఈ ఏర్పాటు వల్ల ఎస్.టి.ఓ. గారు దొంగ అని ఎవరైనా అన్నారా? అనలేదు. ఆయన కూడా ఎన్నడూ అలగలేదు. సరికదా, ఏదైనా తేడా వస్తే ఆయనను కాపాడేది ఆ రెండో తాళమే.

ఇంకొకటి గుర్తు చేస్తాను. మనం జీవితమంతా చదివిన జీ.ఓ.ల చివర ఏముంటుంది? గవర్నరుగారి పేరు మీద, వారి ఉత్తర్వు మేరకు అని ఉంటుంది. రాజ్యాంగం 166వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం చేసే ప్రతి కార్యనిర్వాహక చర్యా గవర్నరు పేరు మీదనే వెలువడాలి. కింద కార్యదర్శిగారి పేరు. ఇంకా కింద 'ఫార్వర్డెడ్, బై ఆర్డర్' అని సెక్షన్ ఆఫీసరు సంతకం. ఆ సెక్షన్ ఆఫీసరుకు గవర్నరు అధికారాలన్నీ వచ్చేశాయా? రాలేదు. ఒక నిర్దిష్టమైన కాగితాన్ని, ఆమోదం పొందిన మాటలతో, అక్షరం మార్చకుండా పంపించే అధికారం మాత్రమే వచ్చింది. చేసిన పని చిన్నది, దాని వెనుక ఉన్న బలం పెద్దది. ఈ ఉపాయమే కంప్యూటరులోనూ ఉంది. దానికి వస్తున్నాను.

మన సంఘం ఆఫీసులో ఉన్న కంప్యూటరు ఒక సభ్యుని కుమారుడు ఇచ్చిన పాత యంత్రం. లైసెన్సు ఖర్చు లేకుండా ఉంటుందని అందులో లినక్స్ వేయించాము. లినక్స్ యంత్రంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ఖాతా ఉంటుంది. నా ఫైళ్ళు నావి, కార్యదర్శిగారి ఫైళ్ళు కార్యదర్శిగారివి. ఆయన ఫైళ్ళను నేను చదవవచ్చు గాని చెరపలేను. అందరికంటే పైన 'రూట్' అనే ఖాతా ఒకటి ఉంటుంది. రూట్‌కు అడ్డు లేదు. ఎవరి ఫైలైనా తెరుస్తుంది, చెరుపుతుంది, యంత్రం మొత్తాన్ని తుడిచిపెట్టమన్నా తుడిచిపెడుతుంది. ట్రెజరీ భాషలో చెప్పాలంటే డబుల్ లాకు తాళాలు రెండూ ఒక్క చేతిలో ఉన్నట్టు, పైగా రిజిస్టరు లేనట్టు.

మన దగ్గర ఆ రూట్ పాస్‌వర్డు ఎక్కడ ఉండేదో పాత సభ్యులకు తెలుసు. ఒక చీటీ మీద రాసి బల్ల అద్దం కింద పెట్టాము. ఎందుకంటే ప్రింటరు మొరాయించినప్పుడల్లా, నకలు డిస్కుకు ఎక్కించవలసి వచ్చినప్పుడల్లా ఆ అధికారం కావలసి వచ్చేది. అందరూ పెద్దమనుషులమే కదా అనుకున్నాము.

ఇక నా తప్పు సంగతి. 2018లో జరిగింది. పేరుకు కంప్యూటరు ఇన్‌చార్జిని నేనే. ఒక మధ్యాహ్నం డిస్కు నిండిపోయి ప్రింటరు ఆగిపోయింది. బయట అయిదారుగురు కాగితాల కోసం కూర్చున్నారు. చెత్త యార్డు వైపు నుంచి గాలి మళ్ళిందని కిటికీలు మూసేశారు, గదిలో ఉక్క. కార్యదర్శిగారి ఖాతాలో సంఘం కాగితాల ఫోల్డరు ఉంది. దాని లోపల 'పాతవి' అనే చిన్న ఫోల్డరు. ఆ పాతవి చెరిపేస్తే చోటు వస్తుందని రూట్‌గా లోపలికి పోయాను. చెరుపు అని ఆజ్ఞ రాసి, పెద్ద ఫోల్డరు పేరు, దాని పక్కన గీత, ఆ గీత పక్కన 'పాతవి' అని కొట్టాలి. తొందరలో పెద్ద ఫోల్డరు పేరు తరువాత ఒక ఖాళీ పడింది. ఒక్క ఖాళీ. యంత్రానికి అది ఒక పేరు కాదు, రెండు పేర్లయింది. మొదటి పేరు పెద్ద ఫోల్డరుది. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టేయమన్నట్టు, అడగడం లేదు, ఆలోచించడం లేదు, ఫోల్డరంతా చెరిపేసింది. నా సొంత ఖాతాలో ఉండి ఆ మాటే కొట్టి ఉంటే "నీకు అనుమతి లేదు" అని ఊరుకునేది. రూట్‌కు ఎవరు కాదంటారు?

బయట డిస్కులో నకలు ఉంది గాని అది ఎనిమిది నెలల నాటిది. ఆ ఎనిమిది నెలల్లో వచ్చిన కాగితాలన్నీ పోయాయి. అందులో చనిపోయిన మన సభ్యుడొకరి కుటుంబ పెన్షను కాగితాలు ఉన్నాయి. దరఖాస్తు, మరణ ధ్రువపత్రం, పి.పి.ఓ., ఫోటోలు అన్నీ స్కాన్ చేసి పెట్టినవి. పంపించేలోగా పోయాయి. ఒరిజినల్స్ అడుగుదామంటే, ఇల్లు మారేటప్పుడు ఆ సంచే కనిపించకుండా పోయిందని, "మీ కంప్యూటరులో ఉన్నాయి కదా" అనే ధైర్యంతో ఉన్నామని ఆ ఇంటివాళ్ళు చెప్పారు. ఒక్కొక్క కాగితం మళ్ళీ పుట్టించడానికి అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలూ ఆ ఇంట్లోకి పైసా పెన్షను రాలేదు. ఆమె నన్ను పల్లెత్తు మాట అనలేదు. వారానికొకసారి ఆటోలో వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "అన్నయ్యగారూ, మావి ఏమన్నా దొరికాయా?" అని అడిగేది. లేదమ్మా అంటే సరే అని వెళ్ళేది. తిట్టి ఉంటే బాగుండేది అనిపించేది నాకు.

నేను దొంగతనం చేశానా? లేదు. నా మీద నమ్మకం తప్పా? కాదు. నమ్మకం ఉన్న మనిషి చేతిలో, ఆ పనికి అవసరమైనదానికంటే వంద రెట్లు ఎక్కువ అధికారం ఉంది. అదీ తప్పు. రెండో వరసలోని మిత్రులకు నా జవాబులో మొదటి సగం ఇదే.

తరువాత ఏం చేశామో చెబుతాను. మన సభ్యుని మనుమరాలు ఒక అమ్మాయి, అప్పట్లో ఇంజనీరింగు చదువుతోంది. సంగతి విని వచ్చింది. అద్దం కింద చీటీ చూసి నవ్వలేదు, అది ఆమె మర్యాద. "తాతయ్యా, మీరు చెక్కు మీద సంతకం చేసి, అంకె రాయకుండా ఎవరికైనా ఇస్తారా?" అని అడిగింది. ప్రాణం పోయినా ఇవ్వను అన్నాను. "మరి ఈ చీటీ అదే కదా" అంది.

ఆమె చెప్పిన పరిష్కారం పేరు 'సుడో'. ఇది కొత్తది కాదు. 1980 ప్రాంతంలో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం వారి బఫెలో ప్రాంగణంలో బాబ్ కోగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ అనే ఇద్దరు రాశారు. 1990ల నుంచి టాడ్ మిల్లర్ అనే ఆయన దానిని కనిపెట్టుకుని ఉన్నారు. దీనికి పునాది ఇంకా పాతది. యునిక్స్ సృష్టికర్తలలో ఒకరైన డెనిస్ రిచీ 'సెట్ యు.ఐ.డి.' అనే ఉపాయం కనిపెట్టారు. 1973లో దరఖాస్తు చేస్తే 1979లో పేటెంటు వచ్చింది. దాని సారాంశం మన సెక్షన్ ఆఫీసరు సంతకమే. ఒక ప్రోగ్రామును ఎవరు నడిపినా, అది నడిచినంతసేపూ తన యజమాని అధికారంతో నడుస్తుంది. ఉదాహరణకు పాస్‌వర్డుల ఫైలును ముట్టుకునే అధికారం రూట్‌కే ఉంటుంది. అయినా మామూలు మనిషి తన పాస్‌వర్డును తాను మార్చుకోగలడు. ఎలాగంటే ఆ ఒక్క పని చేసే ప్రోగ్రాము రూట్ పేరు మీద నడుస్తుంది. తనది మార్చుకోగలడు, పక్కవాడిది మార్చలేడు.

సుడో దీనికి ఒక ఉత్తర్వు, ఒక రిజిస్టరు జతచేసింది. ఉత్తర్వు ఒక ఫైలులో రాసి ఉంటుంది. ఎవరు, ఏ యంత్రంలో, ఎవరి పేరు మీద, ఏ పని చేయవచ్చు అని నాలుగు గడులు. మన ఆఫీసులలో పని పంపకం ఉత్తర్వు ఉండేది కదా, అచ్చం అదే. పని చేయబోయేవాడు రూట్ పాస్‌వర్డు ఇవ్వనక్కరలేదు, తన సొంత పాస్‌వర్డు ఇవ్వాలి. ఉత్తర్వులో పేరుంటే పని జరుగుతుంది. ఫలానా తేదీన, ఫలానా సమయాన, ఫలానా వ్యక్తి, ఫలానా ఆజ్ఞ నడిపాడని నమోదవుతుంది. పేరు లేకపోతే పని జరగదు, అడిగాడన్న సంగతి కూడా నమోదవుతుంది.

మొదట కూర్చుని, అసలు మాకు పెద్ద అధికారం ఏ ఏ పనులకు కావాలో జాబితా రాశాము. నాలుగే తేలాయి. ఆగిపోయిన ప్రింటరు వరసను ఖాళీ చేసి మళ్ళీ మొదలుపెట్టడం. సంఘం కాగితాల నకలు బయట డిస్కుకు ఎక్కించడం. పాత స్కాన్‌లను పక్కకు తీయడం. యంత్రానికి వచ్చే కొత్త సవరణలు వేయడం. ఈ నాలుగింటికోసం యంత్రం మొత్తం తాళాలు అద్దం కింద పెట్టాము! ఒక్కొక్క పనికి ఒక్కొక్క చిన్న ఆజ్ఞా పత్రం ఆ అమ్మాయి రాసింది. మూడో పనిలో ఇప్పుడు ఫైలు వెంటనే చెరగదు. పక్కన ఒక పెట్టెలోకి పోతుంది, ముప్పై రోజులు దాటినవి మాత్రమే పోతాయి. ఎవరూ ఫోల్డరు పేరు కొట్టనక్కరలేదు, కొట్టే వీలు కూడా లేదు.

ఇక్కడ నాలుగు జాగ్రత్తలు ఉన్నాయి. మీ పిల్లలు, మనుమలు ఆఫీసులలో ఇలాంటి పనులు చూస్తుంటే వారికి ఈ సంచిక చూపించండి.

ఒకటి. ఉత్తర్వులో ప్రోగ్రాము పేరు మాత్రమే రాస్తే చాలదు, అది ఉన్న చోటు కూడా పూర్తి చిరునామాతో రాయాలి. ఊరు, పేట లేకుండా 'వెంకటయ్యకు ఇవ్వవలెను' అని రాస్తే ఎంతమంది వెంకటయ్యలు వస్తారో మనకు తెలుసు. అదే పేరుతో దొంగ ప్రోగ్రాము ఇంకోచోట పెట్టి దానిని నడిపించే ప్రమాదం ఉంటుంది.

రెండు. ఆ ఆజ్ఞా పత్రాన్ని నడిపేవాడు దానిని దిద్దగలిగి ఉండకూడదు. పత్రం రూట్ సొత్తుగా ఉండాలి, అది ఉన్న ఫోల్డరు కూడా రూట్‌దే కావాలి. లేకపోతే 'బై ఆర్డర్' సంతకం చేసే గుమాస్తాకు జీ.ఓ.లో అక్షరాలు మార్చే వెసులుబాటు ఇచ్చినట్టే. పైన ఎంత గట్టి తాళం వేసినా వెనుక గోడ లేనట్టే.

మూడు. ఇది నేను కనిపెట్టాను, కనుక కొంచెం గర్వంగా చెబుతాను. ఆ అమ్మాయి ఉత్తర్వు రాసి చూపించింది. ట్రెజరీ అలవాటు కొద్దీ అడిగాను, "అమ్మా, ప్రోగ్రాము పేరు తరువాత ఏమీ రాయకుండా వదిలేశావు. ఆ ఖాళీకి ఏమని అర్థం?" అని. ఏమీ లేదని అర్థం తాతయ్యా, అంది. ఎందుకైనా మంచిది, చూడమన్నాను. చూసి నాలిక కరుచుకుంది. సుడో ఉత్తర్వులో పేరు తరువాత ఖాళీగా వదిలితే, దాని వెనుక ఏ మాటలు తగిలించినా సరే అని అర్థమట! ఏమీ తగిలించకూడదు అని చెప్పాలంటే రెండు కొటేషన్ గుర్తులు పక్కపక్కనే, మధ్యలో ఏమీ లేకుండా, ప్రత్యేకంగా పెట్టాలి. 'ఇక్కడ ఏదైనా' అని అర్థమిచ్చే నక్షత్రం గుర్తుతోనూ ఇదే ప్రమాదం. నాకు నవ్వు వచ్చింది. మనం బిల్లు మీద ఎర్రసిరాతో అడ్డంగా 'అండర్ రుపీస్' అని రాసేవాళ్ళం కదా. 4,999 రూపాయల బిల్లు అయితే అయిదు వేల లోపు అని. అంకె ముందు ఇంకో అంకె ఎవరూ చేర్చకుండా. "అండర్ రుపీస్ రాయడం మరిచిపోయావు తల్లీ" అన్నాను. ఆ మాట తనకు తెలియదు. చెప్పాక, తమ కాలేజీలో ఎవరూ ఇంత బాగా చెప్పలేదంది. అది పెద్దవాళ్ళ మీద గౌరవం అనుకోండి.

నాలుగు. లోపలికి పోయాక వేరే తలుపు తెరుచుకునే ప్రోగ్రాములు ఉత్తర్వులో పెట్టకూడదు. కాగితాలు దిద్దే ఎడిటర్ ప్రోగ్రాములు, పేజీలు తిప్పి చదివించే ప్రోగ్రాములు చాలావాటిలో నుంచి ఇంకో ఆజ్ఞ ఇచ్చే వీలుంటుంది. ఒక్క ఫైలు దిద్దడానికి రూట్‌గా ఎడిటర్ ఇచ్చామంటే, పెరటి తలుపు తీసి వీధి తలుపుకు కాపలా పెట్టినట్టే. అలాగే ఆ ఉత్తర్వు ఫైలును మామూలుగా తెరిచి దిద్దకూడదు. 'విసుడో' అనే దాని ద్వారానే దిద్దాలి. అది తప్పులు పట్టి చూపుతుంది. ఒకేసారి ఇద్దరు దిద్దకుండా ఆపుతుంది. డ్రాఫ్టును సూపరింటెండెంటు చూడకుండా ఫెయిర్ కాపీ తీయకూడదన్నట్టు.

ఇప్పుడు ముగ్గురు సభ్యులకు ఆ నాలుగు పనులు చేసే అనుమతి ఉంది. అద్దం కింద చీటీ లేదు. రూట్ పాస్‌వర్డును కొత్తగా మార్చి, రెండు ముక్కలుగా రాసి రెండు కవర్లలో సీలు వేశాము. ఒకటి అధ్యక్షులవారి బీరువాలో, రెండోది కోశాధికారిగారి దగ్గర. మన డబుల్ లాకు మళ్ళీ వచ్చింది.

ఇది మన చిన్న ఆఫీసు గొడవ అనుకోకండి. ఊరి మధ్యలో ఏం జరిగిందో చూడండి. 2022 జనవరిలో హైదరాబాదులోని ఏ.పి. మహేష్ సహకార అర్బన్ బ్యాంకు కంప్యూటర్లలోకి దొంగలు చొరబడి 12 కోట్ల 48 లక్షల రూపాయలు తరలించారు. కొన్ని ఖాతాలలోకి, అక్కడి నుంచి దేశమంతటా వందల ఖాతాలలోకి పంచేశారు. ఆ మార్చిలో అప్పటి నగర పోలీసు కమిషనరు సి.వి. ఆనంద్ గారు వివరాలు చెప్పారు. బ్యాంకు ఉద్యోగులకు మోసపు ఈమెయిళ్ళు పంపి, వాటిని తెరిచినవారి యంత్రాల ద్వారా లోపలికి వచ్చారు. ఆ బ్యాంకులో సూపర్ యూజర్ అధికారం పదిమందికి ఉందని, వారిలో కొందరివి ఒకే పాస్‌వర్డు అని కూడా పోలీసులు చెప్పారు. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది. అది చదివిన రోజు నాకు మన బల్ల అద్దం కళ్ళ ముందు మెదిలింది. పదిమంది కూడా మంచివారే అయి ఉండవచ్చు. దొంగకు వారిలో ఎవరూ చెడ్డవారు కానక్కరలేదు. పెద్ద తాళం చెవి ఉన్న పదిమందిలో ఒక్కరు ఏమరితే చాలు.

మన కళ్ళ ముందే మంచి ఉదాహరణ కూడా ఉంది. మీసేవ 2011 నవంబరులో మొదలైంది. కౌంటరులో కూర్చున్న అబ్బాయి మన దరఖాస్తు తీసుకుంటాడు, రుసుము తీసుకుంటాడు, తయారైన పత్రం అచ్చుతీసి ఇస్తాడు. కాని ఆదాయ ధ్రువపత్రానికి విలువ వచ్చేది అధికారి డిజిటల్ సంతకం వల్ల. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం ఆ సంతకానికి చేతి సంతకంతో సమానమైన గుర్తింపు ఇచ్చింది. కౌంటరుకు ఎంత పని ఉందో అంతే అధికారం. అయితే అదే డిజిటల్ కీని, దాని పాస్‌వర్డుతో సహా, 'పని తొందరగా అవుతుంది' అని ఆపరేటరు చేతికి ఇచ్చే అధికారి ఉంటే, ఎంత మంచి ఏర్పాటైనా ఆ క్షణానే కూలిపోతుంది. సంతకం ఆయనది, చేయి ఇంకొకరిది. రేపు విచారణ వస్తే జవాబుదారీ మాత్రం ఆయనదే. సర్వీసులో ఉన్న మన పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పండి.

సుడో పెట్టుకున్నాము కనుక ఇక నిద్రపోవచ్చా? పోకూడదు. 2021 జనవరిలో క్వాలిస్ అనే భద్రతా సంస్థ వారు సుడోలోనే ఒక దోషం బయటపెట్టారు. యంత్రంలో ఏ చిన్న ఖాతా ఉన్నవాడైనా రూట్ అయిపోగల దోషం. అది 2011 జూలై నుంచి, అంటే తొమ్మిదిన్నర ఏళ్ళుగా ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. వెంటనే సవరణ విడుదల చేశారు. సవరణ వేసుకున్నవారు బయటపడ్డారు. నాలుగు పనులలో సవరణలు వేయడం ఒకటిగా ఎందుకు పెట్టామో ఇప్పుడు తెలిసింది కదా. తాళానికి కూడా అప్పుడప్పుడు నూనె వేయాలి.

చివరిగా ఇంటి సంగతి. మన ఇళ్ళలో లినక్స్ ఉండకపోవచ్చు, చేతిలో ఫోను మాత్రం ఉంది. సూత్రం అదే. బ్యాంకు నుంచి అని ఎవరో ఫోను చేసి, ఒక యాప్ వేసుకోండి, మీ తెర మాకు కనిపిస్తుంది, మేమే సరిచేస్తాం అంటారు. అది ఒక పని చేసే అనుమతి కాదు, ఇంటి తాళాల గుత్తి. ఇవ్వకండి. ఓ.టి.పి. చెప్పకండి. ఏదైనా యాప్ మీ మెసేజీలు చదువుతాను, ఫోటోలు చూస్తాను అని అడిగితే, దాని పనికి అది అవసరమా అని ఒక్క నిమిషం ఆలోచించండి. టార్చిలైటు యాప్‌కు మీ ఫోను నంబర్ల జాబితా ఎందుకు? ఇంట్లో కంప్యూటరు ఉంటే రోజువారీ పనికి మామూలు ఖాతా వాడండి, అడ్మినిస్ట్రేటరు ఖాతా వేరుగా ఉంచండి. విండోస్‌లో 2007లో విస్టా వచ్చినప్పటి నుంచి, పెద్ద మార్పు చేసే ముందు తెర మసకబారి 'అనుమతిస్తారా?' అని అడుగుతుంది. విసుగుపడి అవును నొక్కేయకండి. అది మన రెండో తాళం. మీ డబ్బు వ్యవహారం కొడుకో కూతురో చూస్తుంటే, ఆన్‌లైన్‌లో రోజుకు ఎంతవరకు పంపవచ్చో పరిమితి పెట్టించండి. అది పిల్లల మీద అనుమానం కాదు, మన 'అండర్ రుపీస్'.

సుడోను మొదటిసారి వాడేవారికి అది మూడు మాటల హితవు చెబుతుంది. ఇతరుల గోప్యతను గౌరవించమని, మీటలు నొక్కే ముందు ఆలోచించమని, పెద్ద అధికారంతో పెద్ద బాధ్యత వస్తుందని. యంత్రం చెప్పే మాటలే అయినా, మన చేత మొదటి రోజు చదివించిన ప్రవర్తనా నియమావళిలాగే ఉన్నాయి.

రెండో వరసలోని మిత్రులారా, నా జవాబు రెండో సగం ఇది. మన పెన్షను ఒకరి దయ మీద ఆధారపడేది కాదని నకారా కేసులో కోర్టు చెప్పింది. అలాగే మన సభ్యుల కాగితాల క్షేమం కూడా ఒకరి మంచితనం మీద, ఒకరి జాగ్రత్త మీద ఆధారపడకూడదు. రాసిపెట్టిన నియమం మీద ఆధారపడాలి. నమ్మకం మనిషి మీద పెట్టుకుందాం. అధికారం మాత్రం పనికి సరిపడా ఇద్దాం. ఈ కట్టుబాటు మిమ్మల్ని అనుమానించి పెట్టింది కాదు. ఇన్‌చార్జిగా ఉన్న నాకోసం, నా వేలు పడిన ఆ ఒక్క ఖాళీ కోసం పెట్టింది.

ఆ సోదరి కుటుంబ పెన్షను బకాయిలతో సహా వచ్చింది. ప్రతి సంక్రాంతికి అరిసెలు పంపిస్తుంది. ఈ రోజు కూడా సభకు వచ్చింది, వెనుక వరసలో ఉంది. ఆమె కాగితాలన్నీ ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. వారం వారం నకలు తీసినట్టు రిజిస్టరు చెబుతోంది. ఎవరైనా ఎప్పుడైనా వచ్చి ఆ రిజిస్టరు చూడవచ్చు.